తలలో గడ్డకు టార్గెటెడ్ మందు: తొలి దశ పరీక్షలు ఏం తేలుస్తాయి, ఏం తేల్చలేవు

మెదడు క్యాన్సర్‌కు మాత్ర వచ్చేసిందన్న మాట ఈమధ్య తరచు వినబడుతోంది. దానికి ఆధారం లేకపోలేదు. 2024 ఆగస్టు 6న అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వొరాసిడెనిబ్ అనే మాత్రకు అనుమతి ఇచ్చింది. సరిగ్గా ఏడాదికి, 2025 ఆగస్టు 6న, డోర్డావిప్రోన్ అనే మరో మందుకు ఇచ్చింది. రెండూ మెదడు కణితుల మందులే. కానీ ఒక్కోటి ఒక్కో రకం కణితికి. పెద్దవాళ్ళలో వచ్చే మెదడు క్యాన్సర్లలో అన్నిటికంటే ఎక్కువగా కనబడేది, అన్నిటికంటే మొండిది గ్లయోబ్లాస్టోమా. దానికి ఈ రెండింటిలో ఏదీ మందు కాదు.

ఒడిశా సరిహద్దు ఊళ్ళయిన పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో ఎంఆర్ఐ రిపోర్టు చేతిలో పెట్టుకుని, విశాఖ వెళ్ళాలా, బరంపురం మీదుగా కటక్, భువనేశ్వర్ వెళ్ళాలా అని తేల్చుకోలేకుండా ఉన్న ఇంటికి ఈ తేడా చాలా పెద్దది. అదే సమయంలో ‘ట్రయల్‌లో చేరితే కొత్త మందు ఉచితంగా ఇస్తారట’ అన్న కబురూ చెవిన పడుతుంది. ఉచితమన్న మాట నిజమే. అయితే ప్రతి ట్రయల్ ఒక ప్రశ్నకు జవాబు కోసం నడుస్తుంది. తొలి దశ ట్రయల్ అడిగే ప్రశ్న మందు గురించి. రోగి అడిగే ప్రశ్న తన గురించి. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే లేనిపోని ఆశలూ, లేనిపోని భయాలూ పుడుతున్నాయి.

టార్గెట్ అంటే కణితిలోని ఒక నిర్దిష్టమైన మార్పు

మామూలు కీమో మందు వేగంగా విభజన చెందే ప్రతి కణాన్నీ దెబ్బతీస్తుంది. టార్గెటెడ్ మందు అలా కాదు. కణితి కణాల్లో జన్యుమార్పు వల్ల తయారైన ఒక ప్రోటీన్‌ను ఎంచుకుని దాని పని ఆపుతుంది. ఆ మార్పు లేని కణితిలో ఆ మందుకు చేయడానికి పనే ఉండదు.

వొరాసిడెనిబ్‌నే తీసుకుందాం. మన కణాల్లో ఐడీహెచ్ అనే ఎంజైమ్ ఉంటుంది. ఆహారం నుంచి శక్తి తీసే క్రమంలో అదొక మెట్టు. కొన్ని గ్లయోమాల్లో, అంటే మెదడులో నాడీకణాలకు ఆసరాగా ఉండే కణాల నుంచి పుట్టే కణితుల్లో, ఈ ఎంజైమ్ తయారుచేసే జన్యువులో ఒక్క అక్షరం మారిపోతుంది. మారిన ఎంజైమ్ తన పాత పని వదిలేసి, 2-హైడ్రాక్సీగ్లూటరేట్ అనే పదార్థాన్ని ఉత్పత్తి చేస్తుంది. కణంలో అది పేరుకుపోతే ఏ జన్యువు పనిచేయాలి, ఏది ఊరుకోవాలి అన్న అదుపు తప్పుతుంది. గ్లయోమాల్లో ఈ మార్పు ఉందని 2008లో తెలిసింది. దాన్ని అడ్డుకునే మాత్రకు అనుమతి రావడానికి ఆ తర్వాత 16 ఏళ్ళు పట్టింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 వర్గీకరణ ప్రకారం ఈ ఐడీహెచ్ మార్పు ఉందా లేదా అన్నదే పెద్దవాళ్ళ గ్లయోమాలకు మొదటి చీలిక. మార్పు ఉంటే ఆస్ట్రోసైటోమా, లేదా 1పీ/19క్యూ అనే క్రోమోజోమ్ ముక్కలు రెండూ పోయి ఉంటే ఆలిగోడెండ్రోగ్లయోమా. మార్పు లేకుండా, గ్లయోబ్లాస్టోమా లక్షణాలుంటే గ్లయోబ్లాస్టోమా. గ్రేడ్ అన్నది కణితి ఎంత దూకుడుగా పెరుగుతుందో చెప్పే అంకె మాత్రమే. కాబట్టి రిపోర్టులో ‘గ్రేడ్ 4’ అన్న మాట ఒక్కటీ చూసి ఏ మందు పనికొస్తుందో చెప్పలేం. డోర్డావిప్రోన్ సంగతీ ఇంతే. మెదడు నడిమి భాగాల్లో, వెన్నుపాములో వచ్చే, హెచ్3 కె27ఎం అనే మార్పు ఉన్న గ్లయోమాలకే అది. ఇవి పిల్లల్లోనూ, యువకుల్లోనూ ఎక్కువ.

ముక్క పరీక్ష దగ్గరే దారి మూసుకుపోయే సందర్భాలు

ఆపరేషన్‌లో తీసిన ముక్కను ఫార్మలిన్‌లో వేసి, తర్వాత మైనం దిమ్మలో బిగిస్తారు. దీన్నే బ్లాక్ అంటారు. సన్నగా కోసి స్లైడు మీద పరిచి రంగు వేస్తే కణితి రకం, గ్రేడు తెలుస్తాయి. ఐడీహెచ్ మార్పుల్లో దాదాపు 90 శాతం ఆర్132హెచ్ అనే ఒకే రకం. దాన్ని పట్టుకోవడానికి ప్రత్యేకమైన రంగు పరీక్ష ఉంది, దాన్ని ఇమ్యునో అంటారు. అది నెగెటివ్ వస్తే మార్పు లేదని తేలిపోయినట్టు కాదు. మిగిలిన 10 శాతం రకాలు ఆ రంగుకు దొరకవు. అందుకే 55 ఏళ్ళ లోపు రోగుల్లో ఇమ్యునో నెగెటివ్ వస్తే జన్యువును చదివే పరీక్ష కూడా చేయాలని నిపుణులు చెబుతారు.

ఇక్కడ తప్పులు జరిగే చోట్లు చాలా మామూలువి. ముక్కను పది శాతం బఫర్డ్ ఫార్మలిన్‌లో, ముక్క కంటే పదింతల పరిమాణంలో వేయాలి. నీళ్ళు కలపని ఘాటు ఫార్మలిన్‌లో వేసినా, రోజుల తరబడి అందులోనే వదిలేసినా డీఎన్ఏ ముక్కలైపోతుంది. రంగు పరీక్ష ఎలాగో నడుస్తుంది కానీ జన్యు పరీక్ష విఫలమవుతుంది. సూదితో తీసిన బయాప్సీ అయితే ముక్క బియ్యపు గింజంత కూడా ఉండకపోవచ్చు. మొదటి రెండు మూడు పరీక్షలకే అయిపోతుంది. ట్రయల్‌వాళ్ళు రంగు వేయని స్లైడ్లు పది, పదిహేను అడిగినప్పుడు ఇవ్వడానికేమీ మిగలదు. ఇంకో ఇబ్బంది దూరం తెచ్చేది. ఆపరేషన్ ఒక రాష్ట్రంలో, రేడియేషన్ ఇంకో రాష్ట్రంలో జరిగితే బ్లాక్ మొదటి ఆసుపత్రి పాథాలజీ విభాగంలోనే ఉండిపోతుంది. కుటుంబం దగ్గర ఉండేది రిపోర్టు కాగితం ఒక్కటే. ట్రయల్ స్క్రీనింగ్‌కు కాగితం చాలదు, బ్లాక్ కావాలి.

ఊపిరితిత్తుల్లో గెలిచిన మందు తలలో ఎందుకు ఓడింది

గ్లయోబ్లాస్టోమాల్లో దాదాపు సగానికి దగ్గరగా ఈజీఎఫ్ఆర్ అనే జన్యువు లెక్కకు మించి పెరిగి ఉంటుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఈజీఎఫ్ఆర్‌ను అడ్డుకునే గెఫిటినిబ్, ఎర్లోటినిబ్ బాగా పనిచేశాయి. సహజంగానే వాటిని మెదడు కణితికీ ఇచ్చి చూశారు. ఫలితం నిరాశే. దీనికి మూడు కారణాలు కలిసొచ్చాయి. కొత్త మందుల పరీక్షలు ఇప్పుడున్న తీరులో ఎందుకు రూపుదిద్దుకున్నాయో వీటిని బట్టి అర్థమవుతుంది.

మొదటిది, పేరు ఒకటే అయినా మార్పు ఉన్న చోటు వేరు. ఊపిరితిత్తుల్లో మార్పు ప్రోటీన్‌లో కణం లోపలి భాగంలో ఉంటుంది, ఆ మందులు పట్టుకునేది అక్కడే. గ్లయోబ్లాస్టోమాలో మార్పులు ఎక్కువగా కణం బయట ఉండే భాగంలో ఉంటాయి. అలా మారిన ప్రోటీన్‌ను ఆ మందులు గట్టిగా పట్టుకోలేవు.

రెండోది, కణితి అంతా ఒకే రకం కణాలు కావు. ఈజీఎఫ్ఆర్‌విత్రీ అనే మార్పు మీద గురిపెట్టిన రిండోపెపిమట్ అనే టీకాను పెద్ద ట్రయల్‌లో పరీక్షించి, ఆయుష్షు పెరగలేదని 2016లో ఆపేశారు. కణితి తిరగబెట్టినప్పుడు మళ్ళీ ముక్క తీసి చూస్తే చాలామందిలో ఆ మార్పే కనబడలేదు. టీకా తీసుకోని వారిలో కూడా అంతే! అంటే కణితి తనంతట తానే ఆ గుర్తును వదిలేస్తోంది. మొదటి ఆపరేషన్‌నాటి బ్లాక్‌ను చూసి రెండేళ్ళ తర్వాత మందు ఎంచుకోవడంలో ఉన్న ప్రమాదం ఇదే.

మూడోది రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అడ్డు. మెదడులోని సన్నని రక్తనాళాల గోడల్లో కణాలు ఒకదానికొకటి బిగుసుకుని ఉంటాయి. వాటి సందుల్లోంచి మందు జారదు. కణాల గుండా దూరి వెళ్ళగలిగిన మందును కూడా పీ-గ్లైకోప్రోటీన్ లాంటి పంపులు, గుమ్మం దాటిన అపరిచితుణ్ణి పట్టుకుని వెనక్కి గెంటే కావలివాడిలా, తిరిగి రక్తంలోకి తోసేస్తాయి. గ్లయోబ్లాస్టోమా నడిమధ్యలో ఈ అడ్డు చెడిపోయి ఉంటుంది. ఎంఆర్ఐలో ఇంజెక్షన్ ఇచ్చాక తెల్లగా వెలిగే భాగం అదే. కానీ కణితి కణాలు ఆ వెలుగు దాటి, బాగానే కనబడే మెదడులోకి వేళ్ళలా పాకి ఉంటాయి. అక్కడ అడ్డు చెక్కుచెదరదు. ఆపరేషన్‌లో మిగిలిపోయేవీ, తిరగబెట్టేవీ ఆ కణాలే. కాబట్టి వెలిగే భాగంలో మందు దొరికిందంటే సరిపోదు. వెలగని అంచుల్లో ఎంత ఉందన్నదే అసలు లెక్క.

మొదటి దశ: ముగ్గురి తర్వాత ముగ్గురు

మనుషులకు మొదటిసారి ఇచ్చే ట్రయల్ ముఖ్యంగా తేల్చేది మోతాదు. ఎంతవరకు ఇస్తే శరీరం తట్టుకుంటుంది, ఎక్కడ తట్టుకోలేదు అన్నది. చాలాకాలంగా వాడుకలో ఉన్న పద్ధతిని 3+3 అంటారు. ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం.

జంతు పరీక్షల ఆధారంగా 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టారనుకుందాం. ముగ్గురికి ఇచ్చి 28 రోజులు చూశారు. ఎవరికీ తీవ్రమైన ఇబ్బంది రాలేదు. తర్వాతి ముగ్గురికి 50. అక్కడా ఏమీ లేదు. ఆ తర్వాతి ముగ్గురికి 100. వారిలో ఒకరికి లివర్ పరీక్ష ఎస్‌జీపీటీ 260కి వెళ్ళింది. గరిష్ఠ పరిమితి 40 అనుకుంటే అయిదింతలు, అంటే 200, దాటితే అది మూడో స్థాయి దుష్ప్రభావం. ఒక్కరికే వచ్చింది కాబట్టి అదే మోతాదుతో ఇంకో ముగ్గురిని చేర్చారు. వాళ్ళకేమీ కాలేదు. ఆరుగురిలో ఒకరు, కనుక పైకి వెళ్ళొచ్చు. 200 దగ్గర ముగ్గురిలో ఇద్దరికి అదే జరిగింది. అక్కడ ఆపేశారు. తట్టుకోగల గరిష్ఠ మోతాదు 100. మొత్తం 15 మంది.

ఈ లెక్కలో రోగి గమనించాల్సింది ఒకటుంది. మొదటి ముగ్గురికి అందింది చివరికి తేలిన మోతాదులో నాలుగో వంతు. 200 తీసుకున్న ముగ్గురికి అందింది దానికి రెట్టింపు. ‘సరైన’ మోతాదు అందింది ఆరుగురికే. ఎవరు ఏ గుంపులో పడతారన్నది వాళ్ళు చేరిన వారాన్ని బట్టి ఉంటుంది, వాళ్ళ జబ్బును బట్టి కాదు.

ఈ పద్ధతి మీద నిపుణుల్లోనే వాదం ఉంది. కీమో మందుకు ఎక్కువ మోతాదు అంటే ఎక్కువ ప్రభావం అన్న లెక్క కొంతవరకు చెల్లింది. టార్గెటెడ్ మందుకు అలా కాదు. టార్గెట్ పూర్తిగా మూసుకుపోయాక ఇంకా పోస్తే పెరిగేది దుష్ప్రభావమే. పైగా నెలల తరబడి, ఏళ్ళ తరబడి రోజూ వేసుకోవాల్సిన మాత్రను 28 రోజుల ఓర్పుతో కొలవడం ఎంతవరకు సబబు? ఎఫ్‌డీఏ 2021లో ప్రాజెక్ట్ ఆప్టిమస్ పేరుతో, గరిష్ఠ మోతాదుకు బదులు రెండు మూడు మోతాదులను పోల్చి మేలైనదాన్ని ఎంచమని కంపెనీలను అడగడం మొదలుపెట్టింది. 3+3ను సమర్థించేవాళ్ళ మాట కూడా కొట్టిపారేయలేనిది. లెక్క సులువు, ఏ ఆసుపత్రిలోనైనా తప్పు లేకుండా నడుస్తుంది, ప్రమాదం మొదట్లోనే బయటపడుతుంది.

వొరాసిడెనిబ్ కథ ఈ వాదానికి మంచి ఉదాహరణ. దాని మొదటి దశలో 93 మంది ఉన్నారు, వారిలో 52 మంది గ్లయోమా రోగులు. 100 మిల్లీగ్రాములు, ఆపైన ఇచ్చినప్పుడు లివర్ ఎంజైమ్‌లు పెరిగాయి, మందు ఆపితే తగ్గాయి. చివరికి రోజుకు 40 మిల్లీగ్రాముల మాత్రగా స్థిరపడింది. ఆ తొలి పరీక్షలోనే మరో సంగతి తేలింది. ఎంఆర్ఐలో వెలగని కణితులున్న 22 మందిలో జబ్బు ముదరకుండా గడిచిన మధ్యస్థ కాలం (సగంమందికి అంతకంటే ఎక్కువ, సగంమందికి తక్కువ) 36.8 నెలలు. వెలిగే కణితులున్న 30 మందిలో 3.6 నెలలు. మందు అదే, టార్గెట్ అదే. కణితి ఇంకా నెమ్మదిగా ఉన్న దశలోనే దీని ఉపయోగమని అక్కడే సూచన దొరికింది. తర్వాతి పెద్ద ట్రయల్‌ను ఆపరేషన్ మాత్రమే అయిన గ్రేడ్ 2 రోగులతో నడపడానికి దారి చూపింది ఆ 52 మంది అనుభవమే.

మందు కణితిలోకి చేరిందా: ఆపరేషన్‌తోనే తెలిసేది

కడుపులో వేసుకున్న మాత్ర రక్తంలో ఎంత ఉందో సూదితో తీసి చూడొచ్చు. కణితిలో ఎంత ఉందో చూడాలంటే కణితి ముక్క కావాలి. అందుకని ఎలాగూ ఆపరేషన్ కావలసిన రోగికి కొన్ని రోజులు, కొన్ని వారాలు ముందుగా మందు ఇచ్చి, తీసిన ముక్కలో కొలిచే పద్ధతి వచ్చింది. చాలా తక్కువ కాలం ఇచ్చి కొలవడానికే పరిమితమైతే దీన్ని ఫేజ్ జీరో అంటారు. అమెరికాలో ఫీనిక్స్‌లోని ఐవీ బ్రెయిన్ ట్యూమర్ సెంటర్ ఇలాంటి ట్రయల్స్ ఎక్కువగా నడుపుతోంది.

కొలతలో ఒక మెలిక ఉంది. ముక్కలో మందు మొత్తం 1000 యూనిట్లు ఉందనుకుందాం. అందులో 98 శాతం ప్రోటీన్లకు అతుక్కుని ఉంటే పనిచేయడానికి మిగిలింది 20 యూనిట్లు. కణితి కణాల ఎదుగుదలను సగానికి తగ్గించడానికి ప్రయోగశాలలో 10 యూనిట్లు కావాల్సి వచ్చిందనుకుందాం. దానికి అయిదు రెట్లు, అంటే 50, ఉంటేనే ముందుకు వెళ్ళాలని ముందే గీత గీసుకుంటే ఈ మందు తప్పినట్టే. ‘1000 యూనిట్లు చేరింది’ అన్న పత్రికా ప్రకటన మాత్రం ఘనంగానే వినిపిస్తుంది.

చేరితే సరిపోదు, పని కూడా చేయాలి. వొరాసిడెనిబ్‌ను, దాని ముందటి మందు ఐవోసిడెనిబ్‌ను ఆపరేషన్‌కు ముందు నాలుగు వారాలు ఇచ్చి, మందు తీసుకోని వారి ముక్కలతో పోల్చారు. కణితిలో 2-హైడ్రాక్సీగ్లూటరేట్ వొరాసిడెనిబ్ 50 మిల్లీగ్రాములతో 92.6 శాతం, ఐవోసిడెనిబ్ 500 మిల్లీగ్రాములతో 91.1 శాతం తగ్గింది. పోల్చి చూసే పెద్ద ట్రయల్‌కు, అంటే మూడో దశకు, వెళ్ళే ముందు ఇంత గట్టి రుజువు దొరకడం మెదడు మందుల్లో అరుదు. ఈజీఎఫ్ఆర్ మందుల కాలంలో ఈ మెట్టు దాదాపు దాటేసి పెద్ద ట్రయల్స్‌కు దూకారు. అది చాలామంది రోగుల కాలాన్ని మింగేసిన పొరపాటు అని నా నిశ్చితాభిప్రాయం.

ఈ పద్ధతికి అభ్యంతరాలూ ఉన్నాయి. ఫేజ్ జీరోలో రోగికి చికిత్సా లాభం లేనట్టే, మరి అడగడం న్యాయమా అని కొందరంటారు. మందు చేరినట్టు తేలిన రోగికి ఆపరేషన్ తర్వాత అదే మందు కొనసాగించేలా ట్రయల్‌ను రూపొందిస్తున్నది ఈ అభ్యంతరానికి జవాబుగానే. కొలత కోసమే ఆపరేషన్ చేయడం మాత్రం ఎవరూ ఒప్పుకోరు. ఆపరేషన్ రోగికి ఎలాగూ అవసరమై ఉండాలి.

స్కాన్‌లో గడ్డ తగ్గింది అన్నప్పుడు

కణితి తగ్గిందా పెరిగిందా చెప్పడానికి రానో అనే ప్రమాణాలున్నాయి. వెలిగే భాగాన్ని అడ్డంగా, దానికి లంబంగా కొలిచి హెచ్చిస్తారు. 4 సెంటీమీటర్లు, 3 సెంటీమీటర్లు అయితే 12. తర్వాతి స్కాన్‌లో 3, 2 అయితే 6. సగానికి తగ్గింది కాబట్టి పాక్షిక స్పందన. 4.5, 3.4 అయితే 15.3. పాతిక శాతం దాటి పెరిగింది కాబట్టి జబ్బు ముదిరినట్టు.

ఈ లెక్కను తారుమారు చేసేవి రెండు. ఒకటి డెక్సామెథసోన్. ఈ స్టెరాయిడ్ వాపు తగ్గించి, స్కాన్‌లో వెలుగును కూడా తగ్గిస్తుంది. మోతాదు పెంచిన వారంలో తీసిన స్కాన్ బాగుందంటే ఆ ఘనత కొత్త మందుది కాకపోవచ్చు. అందుకే స్టెరాయిడ్ పెరగకుండా ఉంటేనే స్పందనగా లెక్కిస్తారు. ఊళ్ళో తలనొప్పి ఎక్కువైందని దగ్గరి డాక్టరు మాత్ర పెంచి, ఆ సంగతి ట్రయల్‌వాళ్ళకు చేరకపోతే ఫలితమే తప్పుతుంది. రెండోది, రేడియేషన్ అయిన మొదటి 12 వారాల్లో చనిపోతున్న కణాల చుట్టూ వాపు వచ్చి కణితి పెరిగినట్టు కనబడడం. అందుకే తిరగబెట్టిన కణితుల ట్రయల్స్‌లో చాలావాటికి రేడియేషన్ ముగిసి 12 వారాలు గడవాలన్న షరతు ఉంటుంది.

ఫిట్స్ మాత్ర, చుట్ట, చెట్టు మందు

తలలో గడ్డ బయటపడేది చాలాసార్లు మొదటిసారి ఫిట్స్ వచ్చినప్పుడే. దగ్గరి ఆసుపత్రిలో ఇచ్చేది ఎక్కువగా ఫెనిటాయిన్. చవక, అన్నిచోట్లా దొరుకుతుంది, ఫిట్స్ ఆపుతుంది కూడా. ఇబ్బంది ఏమిటంటే ఫెనిటాయిన్, కార్బమజెపీన్, ఫినోబార్బిటోన్ లివర్‌లోని ఎంజైమ్‌లను రెచ్చగొడతాయి. అవి కొత్త మందును కూడా త్వరగా విరిచేస్తాయి. ఎర్లోటినిబ్ లాంటి మందుల తొలి ట్రయల్స్‌లో ఈ మాత్రలు వాడేవారిని, వాడనివారిని వేర్వేరు గుంపులుగా పెట్టి మోతాదు పెంచాల్సి వచ్చింది. ఒకే మోతాదు ఒకరికి విషమవుతుంది, ఇంకొకరికి ఏమీ అందదు. ఇప్పుడు లెవెటిరాసెటమ్‌కు మార్చి, పాత మందు ప్రభావం పోయేదాకా కొన్నాళ్ళు ఆగాకే చేర్చుకుంటారు. ఈ మార్పు మెల్లగా, డాక్టరు చెప్పిన క్రమంలోనే జరగాలి. ఫెనిటాయిన్ ఒక్కసారిగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చే ప్రమాదముంది.

పొగాకు సంగతి చాలామంది ఊహించనిది. వొరాసిడెనిబ్‌ను శరీరం విరిచేసే ఎంజైమ్‌ను పొగ రెచ్చగొడుతుంది. అందుకే పొగతాగడం మానాలని మందు వివరపత్రంలోనే ఉంది. బీడీ, చుట్ట అలవాటు ఉన్నవారికే కాదు, శ్రీకాకుళం నుంచి గంజాం దాకా పెద్దవయసు ఆడవాళ్ళలో కనబడే అడ్డపొగకూ, అంటే చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని తాగే అలవాటుకూ, ఇదే వర్తిస్తుంది. ‘సిగరెట్ తాగుతారా’ అని అడిగితే వాళ్ళు లేదనే చెబుతారు, అది నిజం కూడా.

చెట్టు మందులు ఇంకో చిక్కు. మూడో దశలో వొరాసిడెనిబ్ తీసుకున్నవారిలో 9.6 శాతానికి ఎస్‌జీపీటీ మూడో స్థాయి, ఆపైకి పెరిగింది. అందుకే మొదటి రెండు నెలలు రెండు వారాలకొకసారి, తర్వాత రెండేళ్ళ వరకు నెలకొకసారి లివర్ పరీక్షలు చేయాలని చెబుతారు. నాటు మందు కూడా లివర్‌ను తాకితే, ఎంజైమ్‌లు దేనివల్ల పెరిగాయో ఎవరూ చెప్పలేరు. రోగికి మందు అనవసరంగా ఆగిపోవచ్చు. ముగ్గురి గుంపులో అయితే ఆ ఒక్క ఎస్‌జీపీటీ అంకె మొత్తం ట్రయల్ దిశనే మార్చేయగలదు.

దూరం కూడా ఫలితాన్ని తాకుతుంది. మొదటి 28 రోజుల్లో వారానికొకసారి రావాలి. వాటిలో ఒకటి రెండు రోజుల్లో మాత్ర వేసుకున్నాక అరగంటకు, గంటకు, రెండు, నాలుగు, ఎనిమిది గంటలకు, మర్నాటికి రక్తం తీస్తారు. పండక్కి ఊరెళ్ళి కొన్ని మాత్రలు తప్పితే ఆ మనిషి లెక్కలోకి రాడు. అతని స్థానంలో ఇంకొకరిని చేర్చాలి. గుణుపురం నుంచి, మోహన నుంచి వచ్చేవారికి దీని అర్థం నెల, నెలన్నర ఆసుపత్రి దగ్గర గది.

తొలి దశలో చేరడం చికిత్సేనా

రెండు అభిప్రాయాలున్నాయి, రెండింటికీ ఆధారాలున్నాయి. 1991 నుంచి 2002 వరకు అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ ఆధ్వర్యంలో జరిగిన 460 తొలి దశ ట్రయల్స్‌ను, 11,935 మంది రోగులను కలిపి 2005లో లెక్కవేశారు. అన్ని రకాల క్యాన్సర్లు కలిపి కణితి తగ్గింది 10.6 శాతం మందిలో. మందు వల్ల మరణాలు 0.49 శాతం. పదిమందిలో ఒకరికి తగ్గడమంటే, మరో మందు మిగలని మనిషికి అది విలువైన అవకాశమని ఒక వర్గం వాదిస్తుంది. తొమ్మిదిమందికి తగ్గలేదు కాబట్టి దీన్ని చికిత్స అని పిలవడం మోసమని రెండో వర్గం అంటుంది. జన్యుమార్పును బట్టి రోగిని ఎంచుకునే ట్రయల్స్‌లో మొదటి వాదానికి బలం ఎక్కువని నాకనిపిస్తుంది, అదీ మందు కణితిలోకి చేరుతుందని అప్పటికే రుజువై ఉంటే.

పోల్చడానికి మామూలు చికిత్స అంకెలు కూడా గుర్తుండాలి. గ్లయోబ్లాస్టోమాకు 2005 నుంచి ప్రామాణికంగా ఉన్నది 30 విడతల్లో 60 గ్రే రేడియేషన్, దానితో పాటు టెమోజొలమైడ్. ఆ ట్రయల్‌లో మధ్యస్థ ఆయుష్షు 12.1 నెలల నుంచి 14.6కు పెరిగింది. రెండేళ్ళు దాటి బతికినవారు 10.4 శాతం నుంచి 26.5కు పెరిగారు. అందుకే తొలి దశ ట్రయల్స్ ఎక్కువ భాగం ఈ చికిత్స అయ్యాక తిరగబెట్టినవారికే. ట్రయల్ ఉందని విని, కరెంటు (రేడియేషన్) పెట్టించుకోవడం వాయిదా వేయడం ఉన్నదాన్ని పోగొట్టుకోవడమే.

అనుమతి వచ్చిన రెండు మందుల మీద కూడా చర్చ ముగియలేదు. డోర్డావిప్రోన్ అనుమతికి ఆధారం 50 మంది. వారిలో 22 శాతానికి, అంటే 11 మందికి, కణితి తగ్గింది. పోల్చడానికి మందు ఇవ్వని గుంపు లేదు. ఇంత అరుదైన, ఇంత ప్రాణాంతకమైన జబ్బులో, కణితి దానంతట అది తగ్గని చోట 11 మంది చాలని ఒక వాదం. అసలు ఆయుష్షు పెరిగిందో లేదో తెలియాలంటే పోల్చి చూసే ట్రయల్ ముగియాలన్నది మరో వాదం. అందుకే ఎఫ్‌డీఏ ఇచ్చింది షరతులతో కూడిన త్వరిత అనుమతి. వొరాసిడెనిబ్‌కు 331 మందితో పోల్చిన ట్రయల్ ఉంది. జబ్బు ముదరకుండా గడిచిన కాలం ఉత్తుత్తి మాత్రతో 11.1 నెలలు, మందుతో 27.7. అయితే ఇది ఆయుష్షు లెక్క కాదు. రేడియేషన్, కీమో అవసరాన్ని వెనక్కి నెట్టడమే దాని ఇప్పటి గెలుపు. నలభై ఏళ్ళ మనిషి జ్ఞాపకశక్తిని రేడియేషన్ నుంచి కొన్నేళ్ళు కాపాడడం చిన్న సంగతి కాదు.

మన చట్టం, మన భాష

విదేశంలో కనిపెట్టిన మందును మనుషుల మీద మొట్టమొదటిసారి భారత్‌లో పరీక్షించడానికి 2019 నాటి కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు ఒప్పుకోవు. బయటి దేశంలో జరిగిన మొదటి దశ సమాచారం ముందు సమర్పించాలి. మన ప్రజలు మొదటి ప్రయోగవస్తువులు కాకూడదన్నది ఉద్దేశం. దీనివల్ల కొత్త మందులు మన రోగులకు ఏళ్ళు ఆలస్యమవుతున్నాయని కొందరు వైద్యుల ఫిర్యాదు. ఇక్కడే కనిపెట్టిన మందుకు ఈ అడ్డు లేదు.

భయానికి మన ప్రాంతంలో కారణం ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా వేసిన అధ్యయనాన్ని 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. టీకా వేసుకున్న బాలికల్లో జరిగిన మరణాలకు టీకాతో సంబంధం కనబడలేదని విచారణలో తేలింది. కానీ తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారని బయటపడింది. ఆ తర్వాతే సమ్మతి నిబంధనలు బిగిశాయి. కొత్త మందు ట్రయల్‌లో బలహీన స్థితిలో ఉన్నవారి సమ్మతిని వీడియోతో రికార్డు చేయాలి. చదవలేనివారికి ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి ఉండాలి. సంతకం చేసిన కాగితం ప్రతి రోగికి ఇవ్వాలి.

సరిహద్దు జిల్లాల్లో ఇక్కడే అసలు చిక్కు. గజపతి, రాయగడ, గంజాం జిల్లాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడే ఎంతోమంది చదివింది ఒడియా బడిలో. విశాఖలో తెలుగు ఫారం ఇస్తే వినగలరు, చదవలేరు. భువనేశ్వర్‌లో ఒడియా ఫారం చదవగలరు, కానీ ‘ప్లాసిబో’, ‘మోతాదు పెంపు’ అన్నవి డాక్టరు ఒడియాలో వివరిస్తే పట్టుకోలేరు. నిబంధన కోరేది రోగికి అర్థమయ్యే భాష. కాబట్టి చదవడానికి ఒడియా ఫారం, వినడానికి తెలుగు వివరణ, పక్కన సాక్షి అడగడం హక్కే. కణితి ఎడమవైపు మాటల భాగంలో ఉండి రోగి అర్థం చేసుకునే శక్తి తగ్గితే, చట్టం ఒప్పుకునే ప్రతినిధి సంతకం చేయాలి.

ఆ ఫారంలో నామినీ గడి ఉంటుంది. ట్రయల్ వల్లే మరణం జరిగిందని తేలితే పరిహారం అతనికే వెళుతుంది. సూత్రం ప్రకారం 8 లక్షల రూపాయల మూల మొత్తాన్ని వయసు గుణకంతోనూ, జబ్బు తీవ్రత గుణకంతోనూ హెచ్చించి 99.37తో భాగిస్తారు. 65 ఏళ్ళ మనిషికి వయసు గుణకం 99.37. ఆయుష్షు 6 నుంచి 24 నెలలని అంచనా అయితే తీవ్రత గుణకం 1. మొత్తం 8 లక్షలు. ఆరు నెలల లోపే అనుకుంటే గుణకం 0.5, అంటే 4 లక్షలు. 16 ఏళ్ళ పిల్లవాడికి వయసు గుణకం 228.54, కాబట్టి తీవ్రత గుణకం 1తో దాదాపు 18.4 లక్షలు. జబ్బు సహజంగా ముదిరి మరణిస్తే ఇది వర్తించదు. మెదడు కణితిలో ఏది జబ్బు, ఏది మందు అన్న గీత సన్నగా ఉంటుంది కనుక వివాదాలు ఎక్కువగా ఇక్కడే వస్తాయి. మరణం, ఆసుపత్రిలో చేర్చాల్సిన పరిస్థితి లాంటి తీవ్రమైన ఘటన ఏది జరిగినా 24 గంటల్లో నియంత్రణ సంస్థకు, రోగుల హక్కులు, క్షేమం చూసే ఎథిక్స్ కమిటీకి, కంపెనీకి డాక్టరు తెలపాలి. అందువల్ల రాత్రి ఫిట్స్ వచ్చి రోగిని బరంపురంలోనో పర్లాకిమిడిలోనో చేర్చినా, ట్రయల్ డాక్టరుకు ఫోన్ చేయడం రోగి హక్కులకు కూడా అవసరం.

ఏ ఆసుపత్రిలో ఏ ట్రయల్ తెరిచి ఉందో సీటీఆర్ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో ఉచితంగా చూడొచ్చు. 2009 జూన్ 15 నుంచి నమోదు తప్పనిసరి. నంబరు లేని ‘ట్రయల్’ ట్రయల్ కాదు. అందులో దశ, చేర్చుకునే షరతులు, కేంద్రాల పేర్లు, చేరికలు జరుగుతున్నాయా లేదా అన్నవి ఉంటాయి. మందుకు డబ్బు అడిగినచోట అది ట్రయల్ మందు కాదని అనుమానించాలి.

ట్రయల్ ముగిసిన రోజు మందు ఆగిపోతుందా అన్నది చాలామంది చేరేటప్పుడు అడగని ప్రశ్న. మందు ఆ రోగికి పనిచేస్తోందని డాక్టరు చెప్పి, వేరే చికిత్స లేక, ఎథిక్స్ కమిటీ ఆమోదిస్తే, 2019 నిబంధనల ప్రకారం కంపెనీ దాన్ని ఉచితంగా కొనసాగించాలి. దానికి రోగి విడిగా రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఈ వాక్యం సమ్మతి పత్రంలో ఉందో లేదో చూసుకోవలసింది మొదటి మాత్ర వేసుకోకముందే.